పెద్దావిడని ఉంచాలా, పంపాలా

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ దీవించి రాస్తున్న జాబు. ఇక్కడ నేనూ, అల్లుడూ కులాసా. కులాసా అని రాసేసరికే ఏదో ముంచుకొస్తుందేమోనని నాకు బెదురు, కాబట్టి ఈ పూటకి కులాసా అని చదువుకో. నువ్వూ, నీ ఓడా, ఆ ఓడలో నీతో ఉన్నవాళ్ళందరూ చల్లగా ఉండాలి. ఈ జాబు మీ కంపెనీ ఆఫీసులో ఇస్తే వచ్చే రేవులో నీ చేతికి అందుతుందని అల్లుడు చెప్పాడు. అందకపోతేనో అన్నాను. అందుతుందండీ అన్నాడు. అయినా నీ జవాబు వచ్చేదాకా నా ప్రాణం కుదుటపడదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఏడుస్తుంది. కంట్లో చుక్కలు మానకుండా వేసుకుంటున్నాను. సీసా అడుగంటేసరికి అల్లుడు చెప్పకుండానే కొత్తది తెచ్చి కిటికీ దగ్గర పెడతాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి కదా, నా కళ్ళ సంగతి నాకంటే తనకే ఎక్కువ పట్టింపు. స్నానాల గదిలో కుళాయి బాగుచేయించాం, అది చూసి వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది. ఆయన వేళకి తింటున్నారా అని అడిగావు. తింటాడు. ఉప్పు ఎక్కువైనా తింటాడు, అసలు వెయ్యడమే మర్చిపోయినా తింటాడు. బాగుందా బాబూ అంటే, బాగుందండీ అంటాడు.

నేనూ ఒకటి అడుగుతాను. ఇంజను గదిలో చెవులకి పెట్టుకునేవి పెట్టుకుంటున్నావా, లేక మెడకి తగిలించుకుని తిరుగుతున్నావా? కిందికి దిగే నిచ్చెన మీద ఎప్పుడూ నూనె ఉంటుందని రాశావు. ఎందుకు రాశావే తల్లీ? అది చదివిన దగ్గర్నుంచీ నా కలలో నువ్వు జారుతూనే ఉన్నావు. గట్టిగా పట్టుకుని దిగు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇక నీ పెద్ద ప్రశ్న. పోయిన జాబు నాలుగు ముక్కల్లో ముగించేశావు, ఏం దాస్తున్నావమ్మా అని. దాచిన మాట నిజమే. మొదట్నుంచీ చెప్తేనే నీకు కోపం రాకుండా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ఓడెక్కే ముందు, నేనొచ్చేదాకా ఆయనకి తోడుగా ఉండమ్మా అన్నావు. ఉన్నాను. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేనూ, అల్లుడూ బాగానే మాట్లాడుకుంటున్నాం అనుకునేదాన్ని. నువ్వెళ్ళాక తెలిసింది, మేమిద్దరం మాట్లాడింది నీతోనే గాని ఒకరితో ఒకరం కాదని. కిటికీ తెరవనా బాబూ అంటే, అలాగేనండీ. చలిగా ఉంది మూసేస్తాను అంటే, అలాగేనండీ. ఒక్కనాడు కాదు అన్న పాపాన పోలేదు. అంత మర్యాద ఇచ్చే మనిషి మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది చెప్పు? నేను ఉండటం తనకి సంతోషమా, బరువా? నువ్వు లేని ఈ ఇంట్లో నేను ఉండొచ్చా, ఉండకూడదా? నా దిగులంతా దాని చుట్టూనే తిరిగేది.

ఆదివారం ఆదివారం వచ్చే ముగ్గురూ నీకు తెలిసినవాళ్ళే. బస్సు డ్రైవరు, టైలరు, లెక్కల టీచరమ్మ. చుక్కల రేవు మీద వాళ్ళ పిచ్చి నీకు నేను చెప్పాలా, మీ పెళ్ళి కుదిరిందే దాని మీద పోట్లాడుకుని. నువ్వు పలక పట్టిన రోజుల్లో మొదలైన సీరియల్, నా తల నెరిసినా అయిపోలేదు. ఆకాశంలో ఒక రేవు, వచ్చే ఓడలు, పోయే ఓడలు, ఇంతకుమించి నాకేమీ తెలియదు. వాళ్ళు రాగానే టీ పోసిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. తలుపు సందులోంచి కేకలు మాత్రం వినపడేవి. డ్రైవరుకి మూడో కెప్టెనంటే ప్రాణం, ఇరుకు సందులో ఒంటి చేత్తో ఓడ తిప్పాడని. టైలరుకి నవ్వడం నేర్చుకునే మరమనిషి ఇష్టం. టీచరమ్మకి సరుకు దొంగరవాణా చేసే ఆడమనిషి ఇష్టం. అల్లుడి గొంతు కూడా లేచేది. ఈ మనిషికి ఇంత నోరుందా, నా దగ్గరే మూసుకుంటాడా అని అదొక దిగులు.

ఒక ఆదివారం గిన్నెలు తుడుస్తుంటే డ్రైవరు గొంతు ఖంగున వినపడింది. "ఇంకెన్నాళ్ళు మొయ్యాలి గురూ ఆ పెద్దావిడని? ఎప్పుడో పంపించేయాల్సింది. కూర్చోవడం, కంగారుపడటం తప్ప చేసేదేముంది?"

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. పెద్దావిడ బాగున్నారా అని గుమ్మంలోనే అడిగి లోపలికొచ్చే మనిషి అతను. ఈ ఇంట్లో పెద్దావిడ ఇంకెవరున్నారు?

"పోనిద్దూ, ఎన్నాళ్ళుంటుంది గనక" అన్నాడు టైలరు.

అప్పుడు అల్లుడు మెల్లగా అన్న మాట విన్నాను. "మా ఆవిడకి ఆవిడంటే ప్రాణం. తను వచ్చేదాకా ఆ మాట ఎత్తకండి."

తల్లీ, నువ్వయితే ఏమనుకుంటావు? నువ్వు వచ్చేదాకా ఓర్చుకుని, వచ్చాక మాట ఎత్తుతారనే కదా? తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. కోపం రాలేదు. పాపం ఈ పిల్లాడు ఎంత ఓర్చుకుంటున్నాడో అనిపించింది. కూర్చోవడం, కంగారుపడటం, అందులో అబద్ధమేముంది? అదిగో, నీకు నాలుగు ముక్కల జాబు వచ్చింది ఆ వారంలోనే.

దాచింది ఇదీ. మీ పెద్దమ్మకి ఫోన్ చేసి తన దగ్గరికి వచ్చేస్తానని చెప్పాను. గది సర్దేసింది కూడా. నీకు తెలియనివ్వద్దని ఒట్టు వేయించుకున్నాను. పెట్టె సర్ది మంచం పక్కన పెట్టుకున్నాను. ఆదివారం గడవనిచ్చి సోమవారం అల్లుడికి చెప్పి బయల్దేరాలని నా ఆలోచన. ఏమని చెప్పాలో కూడా వల్లె వేసుకున్నాను. అక్కకి ఒంట్లో బాగోలేదు బాబూ అని. అక్కేమో గుండ్రాయిలా ఉంది, ఆ పాపం నాకే చుట్టుకునేది.

ఆ ఆదివారం ట్రే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. నలుగురూ మాంచి వేడి మీద ఉన్నారు. టీచరమ్మ కప్పు అందుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "పిన్నిగారూ, ఈ మగాళ్ళతో నా వల్ల కాదు. మీరే తీర్పు చెప్పండి. పెద్దావిడని ఉంచాలా, పంపాలా?"

నా మొహం మీదే! నవ్వుతూ!  నేనూ నవ్వు మొహం పెట్టుకుని, "పంపడమెందుకమ్మా, ఆవిడే వెళ్ళిపోతుంది. రేపే" అన్నాను.

 మరుక్షణం డ్రైవరు సోఫాలోంచి ఎగిరి లేచాడు. "అద్గదీ! తనే వెళ్ళిపోతుంది! ఎవరూ పంపరు, తనే రేవు వదిలేస్తుంది! గురూ, మనకెవరికైనా తట్టిందా ఇది?"

"నిజమే సుమా, పోయిన భాగంలో ఆవిడ సామాను సర్దుతున్నట్టు చూపించారు" అన్నాడు టైలరు.

"పిన్నిగారూ, మీరూ చూస్తున్నారా? మాట మాత్రం చెప్పలేదే!" అని టీచరమ్మ ఫోన్ నా కళ్ళ ముందు పెట్టింది. అందులో ఒక ముసలామె, నెత్తి మీద చెవులకి పెట్టుకునే యంత్రం, ముందు ఒక రేడియో. వెళ్ళిన ఓడలన్నిటినీ పేరుపేరునా పిలుస్తూ కూర్చుంటుందట. కథలో ఆమెకి వేరే పేరుందట, చూసేవాళ్ళంతా పెద్దావిడ అంటారట. డ్రైవరుకి ఆమె అంటే పడదు, ఆమె కనపడితే కథ నత్తనడక నడుస్తుందని. ఆమెని తియ్యద్దని ఏళ్ళ తరబడి పోట్లాడుతున్నవాడు మీ ఆయన. నీకు ప్రాణమని అతను అన్నది ఆమె గురించి, నా గురించి కాదు.

నవ్వాలో, ఏడవాలో తెలియలేదు. మిగిలిన కప్పులు ఒక్కొక్కటే అందించాను. వాళ్ళు ముగ్గురూ పెద్దావిడ ఏ ఓడలో వెళ్తుంది, ఎక్కడికి వెళ్తుంది అని కొట్టుకుంటున్నారు. అల్లుడు మాత్రం నన్నే చూస్తున్నాడు. రేపే అన్న మాట అతనికి ఎక్కడో తగిలింది.

వాళ్ళు వెళ్ళాక నా గది గుమ్మంలోకి వచ్చాడు. మంచం పక్కన పెట్టె చూశాడు. అతను ఏమీ అడగకముందే, "బట్టలు మడతలు పోతాయని, బాబూ" అన్నాను. ఈసారి అలాగేనండీ అనలేదు. పెట్టె తెరిచి, చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టాడు. నా చీరలు మడతపెట్టడం రాదు ఆ పిల్లాడికి, అన్నీ తలగడల్లా పెట్టాడు. ఖాళీ పెట్టె అటక మీదికి ఎక్కించి, చీపురు కర్రతో గోడ దాకా నెట్టాడు.

"కావాల్సొస్తే ఎలా బాబూ?" అన్నాను.

"అడగండి అత్తయ్యగారూ. నేను మాత్రం దించను" అన్నాడు.

అంతే. ఎందుకు సర్దారని అడగలేదు, నేను చెప్పలేదు. అడిగి ఉంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ అడగకపోవడానికి అతనికి ఎంత రుణపడ్డానో, జాబులో రాయడం నాకు చేతకాదు. ఇలాంటి మనిషి గురించి అలా అనుకున్నాను. నువ్వు కూడా ఎప్పుడూ కదిపి అడక్కు.

మర్నాటి నుంచి కొత్త పని పడింది. షాపు నుంచి రాగానే, "మీరు మొదట్నుంచీ చూడాలండీ, లేకపోతే అర్థం కాదు" అని చుక్కల రేవు మొదటి భాగం పెట్టాడు. రోజుకి ఒకటి చూస్తున్నాం. ఎవరు ఎవరో, ఏ ఓడ ఎందుకు పేలిందో ఆపి ఆపి చెప్తాడు. నేను కళ్ళు మూసుకుంటే, ఇప్పుడు తెరవచ్చండీ, బతికే ఉన్నాడు అంటాడు. కథ పుణ్యమా అని తన చిన్నప్పటి సంగతులు, షాపులో సంగతులు, నువ్వు మొదటిసారి తనని దద్దమ్మ అన్న సంగతి, అన్నీ బయటికొస్తున్నాయి.

మొన్న ఆదివారం నాకూ ముందుగదిలో కుర్చీ వేశారు. మీకు ఎవరిష్టం పిన్నిగారూ అంటే నాకు ఎవరిష్టమో చెప్పాను. ఓడ కదిలే ముందు దాని కిందికి దూరి బోల్టులు బిగించే మరమ్మతుల పిల్ల. ఒళ్ళంతా మసి, ఎవరూ ఆమెకి దండం పెట్టరు. పెద్దావిడ నాకు అంతగా నచ్చలేదన్నాను. "అంత నిబ్బరంగా ఎలా కూర్చుంటుంది ఆవిడ? కడుపున పుట్టినవాళ్ళెవరూ ఆ ఓడల్లో లేరు, అందుకే."

అల్లుడు కప్పు కింద పెట్టాడు. "కాదండీ. మీరు చెప్పింది తప్పు."

అమ్మాయీ, నేను విన్నాను. నీ మొగుడు నాది తప్పు అన్నాడు. అన్నాక తనే హడలిపోయాడు. నాకైతే ఒళ్ళు పులకరించింది.

"ఏం తప్పు?" అని నేనూ పట్టుకున్నాను. "బోల్టు బిగించకపోతే ఓడే లేదు."

"బిగించాక ఆ పిల్ల పని అయిపోయిందండీ. తిరిగొచ్చేదాకా మేలుకుని ఉండేది పెద్దావిడే."

"ఆవిడ మేలుకుంటే బోల్టు ఊడకుండా ఉంటుందా?"

"ఊడితే ఎవర్ని పిలవాలి మరి? ఎవరో ఒకరు రేవులో ఉండాలి కదండీ!"

 డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏంటి గురూ, అత్తగారి తరఫున అత్తగారితోనే పోట్లాడుతున్నావు!" అల్లుడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా పారాయి, ఎవరూ లేవలేదు.

మీ పెద్దమ్మకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. రెండు తిట్టి, సర్దిన గదిని మళ్ళీ బట్టలారేసే గది చేసుకుంది. ఆమెకీ చల్లని మనసే, ఎందుకని ఒక్కమాట అడగలేదు. ఇలాంటివాళ్ళని ఇంతమందిని నాకిచ్చినందుకు రోజూ పడుకోబోయే ముందు మనసులోనే దండం పెట్టుకుంటున్నాను. కొత్తగా పట్టుకున్న దిగులు ఒక్కటే, పెద్దావిడ నిజంగానే రేవు వదిలి వెళ్ళిపోతుందేమోనని. నా నోటితో అన్నాను కదా.

వెంటనే జవాబు రాయి. ఒళ్ళు ఎలా ఉందో రాయి, నిచ్చెన తుడిచారో లేదో రాయి. అన్నిటికంటే ముందు, మరమ్మతుల పిల్ల గొప్పా, పెద్దావిడ గొప్పా, అది తేల్చి రాయి. మొగుడని మొహమాటపడకు, అమ్మనని జాలిపడకు. నీ మాట వచ్చేదాకా వాదన ఆపేది లేదని మేమిద్దరం ఒప్పుకున్నాం. ఈ వారమంతా మేం ఒప్పుకున్నది అదొక్కటే.

ఇట్లు,
ఎక్కడికీ వెళ్ళని
మీ అమ్మ