మరియం బీ కూతురి పల్లీ డబ్బా

సెప్టెంబర్ 3, మంగళవారం, దోహా

నాకు షుగర్ ఉందని తేలింది. కడుపుతో ఉన్నాను, ఇప్పుడు ఆరో నెల. డాక్టర్ మూడు వారాలు టైమ్ ఇచ్చింది. పరగడుపున రీడింగ్ 95 దాటకూడదట, దాటితే ఇన్సులిన్. తిన్న ప్రతిసారీ ఇరవై నిమిషాల నడక. సాయంత్రం బ్రౌన్ బ్రెడ్, పీనట్ బటర్. అందులో పల్లీలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

అమ్మీకి చెప్పొద్దని మా ఆయన ముజాహిద్‌తో ఒట్టు వేయించుకున్నాను. షుగర్‌తోనే అబ్బా కాలు తీసేశారు, ఏడాది తిరక్కుండానే పోయారు. ఆ మాట మళ్లీ చెవిన పడితే అమ్మీ మానుకోట దుకాణానికి తాళం వేసి ఏడుస్తూ కూర్చుంటుంది. నాకు భయంగా ఉంది. నా గురించి సగం, ఆమె గురించి సగం.

ముజాహిద్‌ది పాతబస్తీ, తెలుగు చదవడం రాదు. అందుకే డైరీ తెలుగులో.

సెప్టెంబర్ 5

మూడు స్టోర్లు తిరిగాం. ఒకదాంట్లో చక్కెర, ఒకదాంట్లో తేనె. నో యాడెడ్ షుగర్ అని ముందు పెద్దక్షరాలు, వెనకాల చిన్నక్షరాల్లో ఖర్జూరపు పాకం. ఫోన్‌తో జూమ్ చేసి మరీ చదివాను. అసలుది ఉండాల్సిన అర ఖాళీ. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదట.

స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్లుగా పల్లీలు వేయించి అమ్మే మరియం బీ కూతురు, పల్లీ డబ్బా కోసం ట్రాలీ తోసుకుంటూ తిరుగుతోంది. మానుకోటలో తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది.

సెప్టెంబర్ 6

104.

సెప్టెంబర్ 8

పల్లీలు కొనుక్కొచ్చి నేనే మిక్సీలో వేశాను. ముందు పొడి అయింది. తర్వాత ముద్దకట్టి గిన్నెకు అతుక్కుపోయింది. ఆలోచించేలోపే చెయ్యి గ్లాసు ఎత్తి నీళ్లు పోసేసింది. చట్నీ తయారు. ఉప్పూ పచ్చిమిర్చీ కలిపి ముజాహిద్‌కు దోసెల్లోకి పెట్టాను. చాలా బాగుందన్నాడు. తిక్క రేగింది.

సెప్టెంబర్ 9

అమ్మీకి ఫోన్ చేశాను. ఇక్కడ ఫ్రెండ్ ఒకామె అడుగుతోందని అబద్ధం చెప్పాను. సన్నటి సెగ మీద వేయించి పొట్టు తీయాలట. నీళ్లొద్దు, బెల్లం వద్దు. ముద్దకట్టినప్పుడు మిక్సీ ఆపి, చల్లారాక మళ్లీ తిప్పాలట. నూనె దాని కడుపులోనే ఉంది, ఓపిక పట్టమని చెప్పింది.

ఆ ఫ్రెండ్ ఎవరని అడగలేదు. మామూలుగా అయితే పేరు, ఊరు, పిల్లలెంతమంది, అన్నీ అడుగుతుంది. నమ్మేసింది, బతికిపోయాను.

సెప్టెంబర్ 11

101. నూనె వచ్చింది గానీ ఇక్కడి పల్లీలు ముక్కిన వాసన. నోట్లో పెట్టుకోలేకపోయాను.

సెప్టెంబర్ 16

పక్క ఫ్లాట్ తిరుమలక్క సెలవు అయిపోయి జనగామ నుంచి వచ్చింది. నాకో సంచి ఇచ్చింది. అమ్మీ మానుకోట నుంచి రైలెక్కి జనగామ స్టేషన్‌కు వచ్చి మరీ ఇచ్చిందట. నర్సింహులపేట పల్లీలు, వేయించి పొట్టు తీసినవి, నాలుగు కిలోలు. అంతే.

అమ్మీ లడ్డూల డబ్బా కూడా తెచ్చిందట. మా పిల్ల తిన్నంక నడుస్తదా అని అక్కను అడిగిందట. దినాం నడుస్తదని, మూడు పూటలా కింద పార్కింగ్‌ల చక్కర్లు కొడ్తదని అక్క చెప్పిందట. గప్పుడు మీ అమ్మ సంచిలకెళ్లి లడ్డూల డబ్బ తీసేసుకున్నది, నాక్కూడ ఒక్కటియ్యలేదు అని అక్క అలిగింది.

మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లకు తీపి లేని సంచి పంపరు. అబ్బాను మూడు పూటలా నడిపించింది అమ్మీయే.

బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

సెప్టెంబర్ 17

గ్లాసు సింక్‌లో పడేసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మిక్సీ మూడుసార్లు ఆపాను. నాలుగోసారి నూనె ఊరింది. స్పూన్‌తో ఎత్తితే జారింది. ఇల్లంతా మా దుకాణం వాసన.

సెప్టెంబర్ 24, పొద్దున ఆరు

అమ్మీకి ఫోన్ చేసి తొంభై ఒకటి అన్నాను. ఏం తొంభై ఒకటని అడగలేదు.