ముందే నింపిపెట్టిన గడి

శుక్రవారం, కొత్తగూడెం

ఒళ్ళంతా పులిసిపోయింది. పొద్దున గనిలో హాజరు పట్టీకి బదులు దవాఖానా మందుల పట్టీ అచ్చయింది. మొదటి షిఫ్టు వాళ్ళంతా గేటు దగ్గరే నిలబడిపోయారు.

గనికీ దవాఖానాకూ లెక్కలు చూసే మా ఆఫీసు పెద్ద కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్‌లో కొత్త ప్రోగ్రామ్ ఏ విభాగంలోకి వెళ్ళాలో రాసే గడి ఒకటుంది. ఎవరైనా రాయడం మరిచిపోతే ఎలా అని, పోయిన నెల నేనే అందులో ‘హాజరు’ అని నింపిపెట్టాను. నా దగ్గర పనిచేసే పద్మ నిన్న తన మందుల ప్రోగ్రామ్‌ను ఆ గడి మార్చకుండా అట్లాగే పంపేసింది. రెండిటికీ పేరు ఒకటే కావడంతో హాజరు ప్రోగ్రామ్ చెరిగిపోయి, దాని చోట మందులది చేరింది.

“గడి నిండే ఉంది గద సార్! మీరు నింపినదాన్ని నేనెందుకు మారుస్త?” అంది.

తిట్టబోయి ఆగాను. నేనైనా అంతే చేసేవాణ్ణి. సాయంత్రం ఆ గడిని ఖాళీ చేసి వచ్చాను. ఇక ప్రతిసారీ రాయాల్సి వస్తోందని అందరూ నన్నే తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

అట్లా నేను నింపిపెట్టిన గళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో... గుర్తు రావడం లేదు.