జర జరుగు

ఏమయ్యా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన నాచారం ఫొటో స్టూడియోలో, కంప్యూటర్ పక్కనున్న నీ ఫొటోకు దండ వేసి ఉప్పల్‌లో పైథాన్ ప్రోగ్రామింగ్ క్లాసుకు వెళ్లాను. నేను ఆ కంప్యూటర్ దగ్గరికొస్తే చాలు, "జర జరుగు, నీకు సమజ్ గాదు" అని కసిరేవాడివి. నువ్వేమో పెళ్లి ఫొటోలకు ఒక్కొక్కటిగా పేర్లు మారుస్తూ రోజంతా కూర్చునేవాడివి. ఆ పని చేసే ప్రోగ్రాం ఇవాళ నేను రాశాను.

మొదట ఎర్రర్ వచ్చింది. పాఠం చెప్పే అమ్మాయి చూసి, "గీ లైన్ జర లోపలికి జరుపక్కా" అంది. నాలుగు స్పేసులు కొట్టాను, ఆరువందల ఫొటోల పేర్లు చిటికెలో మారాయి. నీ మాట విని పదహారేళ్లు కంప్యూటర్‌కు దూరం జరిగి నిలబడ్డాను గదయ్యా!

స్టూడియోకొచ్చి నీ కుర్చీలో కూర్చున్నాను. నీ ఫొటో స్క్రీన్‌కు అడ్డొచ్చింది. "జర జరుగు" అని పక్కకు నెట్టాను.