ఏడాదిగా వేరు పక్క

సెప్టెంబర్ 20
ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లన్నీ మూత, మాది కూడా. పాఠం చెప్పే పని లేదు. మా ఆవిడ పద్మ వంటింట్లో, నేను హాల్లో. టిఫిన్ పెట్టానంది. అంతే, మళ్లీ మాటల్లేవు.

సెప్టెంబర్ 21
ఇవాళా మంట. అంగం మీది ముందు చర్మం వెనక్కి రావడం లేదు. ఇన్నేళ్లు ఏ ఇబ్బందీ లేదు... నలభై ఆరు దాటాక ఇదేమిటి? ఏడాదిగా బిగుసుకుంటోంది. చివర సన్నటి చీలికలు. పద్మ పక్కన పడుకోవాలంటే భయం. నడుం నొప్పని చెప్పి అప్పుడే హాల్లోకి మారాను. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

సెప్టెంబర్ 23
బలవంతంగా లాగాను. రక్తం. బాత్రూంలో కుళాయి తిప్పి, చప్పుడు బయటికి వినపడకుండా ఏడ్చాను.

సెప్టెంబర్ 24
ఇంటి ఓనరు యాదిరెడ్డి గారు గేటు దగ్గర ఆపారు. "ఏంది సారూ, గట్ల నడుస్తున్రు?" నడుమన్నాను. నమ్మలేదు. ఏమీ తవ్వకుండా స్కూటర్ తీసి, ఆస్పత్రికి ఎక్కమన్నారు. ఎల్బీనగర్ దాకా రెండుచోట్ల జెండాల వాళ్లు అడ్డుకున్నారు. "మన సారే. దవాఖానకు పోతున్నం," అన్నారాయన. నా కోస్తా యాస వినపడుతుందని నేను నోరు విప్పలేదు.
డాక్టర్ చూసి మొదట అడిగింది — షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని. ఎప్పుడూ లేదు. చూస్తే బాగా ఎక్కువుంది. పసిపిల్లల్లో ఆ చర్మం వెనక్కి రాకపోవడం మామూలేనట, పెరిగేకొద్దీ దానంతటదే వదులవుతుందట. నా వయసులో కొత్తగా బిగుసుకుంటే షుగర్ అనుమానించాలట. మాత్రలు, పూతమందు. నీళ్లతో కడిగి పొడిగా ఉంచుకోవాలి. లాగకూడదు. వెనక్కి వెళ్లి అక్కడే ఇరుక్కుంటే వెంటనే రావాలి. తగ్గకపోతే చిన్న ఆపరేషన్.
"మీ ఆవిడకు చెప్పారా?"
ఇంకా లేదన్నాను.

అక్టోబర్ 9
చీలికలు మానుతున్నాయి. బిగువు అలాగే ఉంది.

అక్టోబర్ 11
చెప్పేశాను. పద్మ బియ్యం ఏరుతోంది. మొత్తం విన్నది. చేతులు ఆగిపోయాయి.
"ఇంకెవరో ఉన్నారనుకున్నాను," అంది. "ఏడాదంతా అదే అనుకుంటూ మీకు అన్నం పెట్టాను."
ఆమె చేట పక్కన పెట్టి గదిలోకి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది — గడియ పెట్టిన చప్పుడు మాత్రం రాలేదు. లేచి వెళ్లాలా... ఇంకా ఇక్కడే కూర్చుని ఉన్నాను.