నూరియ్యా కుడి చెప్పు

చెల్లీ సలీమా,

నిన్నటి సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేక ఈ కార్డు రాస్తున్నాను. అల్లా దయవల్ల కులాసా.

బాగ్దాదులో నా కొత్త పెట్టుడు కాలికి నడుం చుట్టూ అచ్చు తీశారు. నా కాలు తుంటి దాకా పోయింది కదా, కాలు నడుముకే తగిలించాలట. మడమ ఎత్తు చూడాలి, చెప్పులు తెమ్మంటే నావి మూడూ తీసుకెళ్లాను. కాలు చేసే అమ్మాయి నవ్వింది. “అన్నీ ఎడమవే! కుడివి ఎవరెత్తుకెళ్లారు పిన్నీ?”

మందుపాతరకు నా కుడికాలు, పొరుగింటి నూరియ్యా ఎడమకాలు పోయాక పదకొండేళ్లుగా ఇద్దరం ఒకే జత కొని పంచుకున్నాం. పండగ ముందు వెళితే చెప్పులంగడి అబూ హాతిమ్, “వచ్చారమ్మా, సగం బేరం వాళ్లు!” అనేవాడు. “నోర్ముయ్ ముసలాడా, నీ పళ్లకంటే మా కాళ్లే ఎక్కువ,” అనేది నూరియ్యా. ఆ నవ్వులే గుర్తొస్తున్నాయి.

ఇక జతంతా నాకే కావాలి. నూరియ్యా ఒక్కతే కొనుక్కునే జతలో ఎడమది వృథాగా మిగిలిపోతుంది.

ఆమెను కుడిది అడక్కు. నా కొలతకు మడమ ఎత్తులేని కొత్త జత కొని పంపు. నమాజు చాప కూడా. కోళ్లకు నీళ్లు పెడుతున్నావా?

అల్లా నిన్ను చల్లగా చూడాలి. ఈ కార్డు దాచు, నూరియ్యాకు చూపకు. ఆమె గుమ్మం దాకా నడిచి వెళ్లి నేనే చెప్పుకుంటాను.

మీ అక్క బహీజా