ఉప్పునీళ్ళ స్లాబు

హిందూపురం,
ఆదివారం.

ప్రియమైన అరుణమ్మకు నాయన ఆశీర్వదించి రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మేము ప్రాణాలతో, ఒకరికొకరం తోడుగా ఉన్నాము. కాన్వెంటులో నీ శిక్షణ ముగిసేదాకా ఫోను ఇవ్వరు కనుక మనకు ఉత్తరాలే దిక్కు. చపాతీలు పడడం లేదని రాశావు. మొహమాటపడక పెద్ద సిస్టరును అడిగి అన్నం పెట్టించుకో.

దానిమ్మ కాసిందా అని అడిగావు. కాసింది గాని, సిమెంటు దుమ్ము పడి ఆకులన్నీ తెల్లబడ్డాయి. మన ఇంటి స్లాబు తీయించేశామమ్మా. ఇప్పుడు రేకుల కింద ఉంటున్నాము. పగలు వేడికి కూర్చోలేము.

కిందటి ఉత్తరంలో అమ్మ చేతిరాత లేదేమని అడిగావు. ఆమెకు తీరిక లేదని అబద్ధం రాయబోతే అమ్మే వద్దంది. వంటింట్లో స్లాబు పెచ్చు ఊడి ఆమె కుడిభుజం మీద పడింది. ఎముక విరిగింది. కట్టు కట్టారు, మెల్లగా నయమవుతోంది.

స్లాబు కొట్టడానికి మొదట వచ్చినవాడు కింద నిలబడి సమ్మెటతో కొడతానన్నాడు. భయమేసి పంపించేశాను. తర్వాత పెనుకొండ నుంచి చెన్నకేశవులు అనే కాంట్రాక్టరును పిలిపించాను. నిదానస్తుడు. ముందు స్లాబు కూలకుండా ఇల్లంతా ఇనుప జాకీలు నిలబెట్టి, పక్కింటివాళ్ళను బయటికి పంపి, అప్పుడు స్లాబు పగలగొట్టే మిషను తెప్పించాడు. పని మొదలుపెట్టే ముందు తల పైకెత్తి చూసి, "యా మేస్త్రీ పోసినాడప్పా దీన్ని?" అన్నాడు.

"యాడోడో. ఇప్పుడు ఈడ లేడు" అన్నాను.

చేతికి కట్టుతో అమ్మ గుమ్మంలోనే ఉంది. ఆ మాట విని మొహం తిప్పుకుంది.

మూడో రోజు వంటింటి వైపు పగలగొడితే తుప్పు పట్టిన ఇనుప కమ్ములు బయటపడ్డాయి. చెన్నకేశవులు ఒకటి పట్టుకుని వంచితే పుటుక్కున విరిగింది.

"ఉప్పునీళ్ళు పోసినాడప్పా. ఆ మేస్త్రీ ఇంగా ఎన్నిండ్లు పోసినాడో. వాటి కింద పిల్లోళ్ళు పండుకుంటాంటారు."

"నేనే పోసినా" అన్నాను.

మిషను ఆపించాడు. నా మొహం చూడలేదు. "అట్లయితే నువ్వే పోయి చెప్పల్ల" అన్నాడు.

నీకు నాలుగేళ్ళప్పటి మాటమ్మా. ఆ ఎండాకాలం మంచినీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. పని ఆగిపోతుందని, నోట్లో పోసుకుని ఉప్పగా ఉన్నాయని ఉమ్మేసిన బోరు నీళ్ళనే సిమెంటులో కలిపాను. ఆ ఉప్పునీళ్ళు కమ్ములను తినేస్తాయని తెలిసే కలిపాను. ఆ ఏడు ఆ నీళ్ళతో పోసినవి రెండు స్లాబులు. ఒకటి మనది. రెండోది మన వెనక వీధి రామక్కది.

ఆ సాయంత్రమే పోయాను. "రా డేవిడన్నా, కాపీ తాగుదువు" అంది రామక్క. నిలబడే అంతా చెప్పాను. ఆమె తలెత్తి స్లాబు వైపు చూసింది.

"ఇన్నేండ్లు యెట్ల నిద్ర పట్టిందన్నా నీకు?" అంది.

 ఆమె మనవళ్ళు పడుకునే మంచం బయటికి లాగబోయింది. రెండో పక్క నేను పట్టుకున్నాను.

రేపు చెన్నకేశవులు అక్కడ జాకీలు పెడతాడు. నేనూ పోతున్నాను. ఒళ్ళు సహకరించడం లేదు, అయినా పోవాలి. నా కోసం ప్రార్థించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు తల్లీ. రామక్క మనవళ్ళ కోసం చెయ్యి.

ఇట్లు,
నీ నాయన
డేవిడ్