కాబోయే మామకు సైడు

జమ్మలమడుగు,
1957 అక్టోబరు

బస్సు యజమానురాలు ఖమర్‌బీ గారికి, మీ బస్సులో రోజూ ప్రొద్దుటూరు బడికి వచ్చే ఉపాధ్యాయుడు ఆనందయ్య నమస్కారాలు.

అమ్మా, పులివెందుల నుంచి మా ఊరి మీదుగా ప్రొద్దుటూరు వచ్చే మీ పొద్దుటి బస్సు వెనక ‘వేగం 30 మైళ్లు’ అని రాసి ఉంది. ముందు కూర్చుని నడిపే కమాల్ బాషాకు అది కనబడదు కాబోలు. అవతలి కంపెనీ బస్సు ముందు పోతుంటే అతనికి ఒళ్ళు మండుతుంది. దాని డ్రైవరు అమీర్ బాషా చెయ్యి బయటపెట్టి సైడు ఇచ్చేదాకా ఆగడు. మలుపని లేదు, మోరీ వంతెన అని లేదు, దూరి దాటేస్తాడు. నిన్న అలా దాటినప్పుడు నా గొడుగు కిటికీలోంచి ఎగిరిపోయింది. దయచేసి అతన్ని మందలించండి.

ఇట్లు,
ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న
ఆనందయ్య

తా.క. ఆ గొడుగు మా మామగారు పెళ్లిలో పెట్టింది. మా ఇంటావిడ ఎలిజబెత్ అన్నం పెడుతోంది గాని మాట్లాడటం లేదు.

---

ప్రొద్దుటూరు

ఆనందయ్య సారుకు ఖమర్‌బీ సలాములు. ఈడ మేం బాగుండాము.

మీ జాబు చదివినాక నాకు ముద్ద దిగలేదు. మా ఆయన ఉన్నప్పుడు ఇదే దోవలో బొగ్గుబస్సు తోలెటోడు. యుద్ధం కాలం, పెట్రోలు యాడిది? మిట్ట వస్తే జనం దిగి నెట్టేది. నెట్టి నెట్టి కొందరు మాట్లాడుకుంటా బస్సు కంటే ముందే ఊరు చేరెటోళ్ళు. ఒక్కరూ కసురుకునింది లేదు. ఆ కాలమే వేరు సారూ.

కమాల్‌ను పిలిచి, “అంత బిరీన యాడికి పోతాండావురా? ఆడ నీకు పెండ్లి పెట్టినారా?” అని అడిగినా. ఎందుకో సిగ్గుపడినాడు. స్టీరింగు మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించినా. ఇంక ముప్పై దాటడు. సైడు ఇయ్యందే ఎవరినీ దాటడు.

ఇట్లు,
ఖమర్‌బీ

తా.క. గొడుగు కోసం మోరీ కింద కూడా వెతికించినా. ఒక చెప్పు దొరికింది. మీదేనా?

---

జమ్మలమడుగు

ఖమర్‌బీ గారికి, ఎర్రదుమ్ములో మునిగిన ఆనందయ్య నమస్కారాలు.

చెప్పు నాది కాదు. అమ్మా, పాత వ్యాధే నయం. మీ డ్రైవరు ఇప్పుడు అమీర్ బాషా బస్సు వెనకే పోతున్నాడు. అది ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. దాని దుమ్మంతా మాకే. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉన్నచోట అమీర్ బాషా చెయ్యి బయటపెట్టి ‘దాటిపో’ అని ఊపుతూనే ఉంటాడు. ఇతను తల వంచుకుంటాడు గాని దాటడు. బడిలో ప్రార్థన అయిపోయాక చేరుతున్నాను. హెడ్మాస్టరు గారు గడియారం చూపించి నవ్వుతున్నారు. ఇతన్ని అవతలి కంపెనీ కొనేసిందని బస్సంతా అనుకుంటోంది. నాకూ అదే అనుమానం. ఇలాంటివాణ్ని పనిలో ఉంచుకోవడం మీకు క్షేమం కాదు.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. నిన్న అమీర్ బాషా బస్సు ఆపి, దిగొచ్చి, దాటమని చేతులు జోడించాడు. ఇతనూ దిగి చేతులు జోడించాడు. ఎవరు ముందు దించాలో తెలియక ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

---

ప్రొద్దుటూరు

ఆనందయ్య సారుకు ఖమర్‌బీ సలాములు.

మీ మాట నమ్మి కమాల్ చేతిలోనుంచి తాళాలు గుంజుకోని కొంగున కట్టుకున్నా. “అమ్ముడుపోయినావు కదరా” అంటి. పిల్లోడు గోడకు ఆనుకోని ఏడ్చినాడు సారూ. అమీర్ బాషా కూతురు సకీనాను వానికి ఖాయం చేసినారంట. “పిల్లనిచ్చే మామను దాటి, ఆయన మొగాన దుమ్ము కొట్టి ఎట్ల పోతా అమ్మా?” అంటాండాడు. మా ఇండ్లల్లో మామ ముందర కుర్చీలో కూడా కూచోరు. వాడు చెప్పింది తప్పని నేనెట్ల అనేది?

ఇప్పుడు పని లేనోనికి పిల్లనియ్యనని అమీర్ బాషా కబురు పంపినాడు. తాళాలు ఇస్తే నా బస్సు ఎక్కెటోళ్ళు ఉండరు. ఇయ్యకపోతే పెండ్లి పోతాది. చదువుకున్నోళ్ళు మీరే చెప్పండి.

ఇట్లు,
ఖమర్‌బీ

తా.క. మీరు ఆ జాబు రాయకుండా ఉండింటే బాగుండు. నేను చదవకుండా ఉండినా బాగుండు.

---

జమ్మలమడుగు

ఖమర్‌బీ గారికి ఆనందయ్య నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా అమీర్ బాషా ఇంటికి వెళ్ళాను. “పెద్దవాడివి నువ్వు చెయ్యి ఊపి దాటమంటే, దాటకపోవడమే కదా అమర్యాద? సైడు ఇచ్చాక అది మామ ఆజ్ఞ” అన్నాను. “నిజమే సార్. ఊపి ఊపి నా జబ్బ పడిపోతాంది. మాట వినే అల్లుడే నాకు కావాల” అన్నాడు. ఆ మాట మీకు కబురు చేస్తే, నమ్మి తాళాలు తిరిగి ఇచ్చారు. సంతోషం.

ఈరోజు కమాల్ దాటాడు. మామ పక్కకు రాగానే మర్యాదకని వేగం తగ్గించాడు. “బాగుండావా మామా?” “బాగుండా. మీయమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది?” రెండు బస్సులూ జంటగా రోడ్డంతా ఆక్రమించి నడుస్తున్నాయి. ఎదురుగా వేరుశనక్కాయల బండ్లు ఆగిపోయాయి. చివరకు నేనే కిటికీలోంచి తల బయటపెట్టి, “దాటేవాడు చప్పున దాటి తన పక్కకు రావాలి నాయనా, మోకాళ్ళ సంగతి ఇంటికెళ్ళి చెప్పుకో” అని అరిచాను. పెళ్లికి నన్ను పిలిచారు.

ఇట్లు,
సకాలంలో బడికి చేరిన
ఆనందయ్య

తా.క. ఎలిజబెత్ ఇంకా మాట్లాడలేదు.

---

ప్రొద్దుటూరు,
1966 మార్చి

ఆనందయ్య సారుకు ఖమర్‌బీ సలాములు. మీరు రిటైరయినారని వింటి.

నేనూ బస్సు అమ్మేసినా. రోడ్డు తారేసి వెడల్పు చేసినారు సారూ. ఎవరూ ఎవరినీ సైడు అడిగేది లేదు, చెయ్యి బయటపెట్టేది లేదు. హారను కొట్టుకుంటా పోతాండారు. దాటినోడు ఎవరో, దాటనిచ్చినోడు ఎవరో మొగాలు కూడా తెలీవు. నాకు ఆ దుమ్మే బాగుండె అనిపిస్తాది.

బస్సు పోయిన దినం కమాల్, సకీనా వచ్చి నా చేతిలో మీ గొడుగు పెట్టినారు. ఆ పొద్దు అది ఎగిరి వెనకొచ్చే అమీర్ బాషా బస్సు అద్దానికి తగిలిందంట. దాన్ని కమాల్ ఈపున ఇరగ్గొడతానని ఆయన కమాల్ ఇంటికి పోయినాడు. వాళ్ళమ్మ షాహీదాబీ, “ముందు టీ తాగప్పా, తర్వాత కొట్టుదువు” అనిందంట. టీ అయ్యేలోపల మాటలు కలిసి, పిల్లనిస్తానని చెప్పి లేసినాడు. గొడుగు వల్ల కుదిరిన పెండ్లి, మీకు తిరిగిస్తే యాడ చెడుతాదోనని దాచినారు. తర్వాత ఆ ఇండ్లల్లో ఏ పెండ్లికొడుకు మీదయినా అదే పట్టేది. ఇన్ని పెండ్లిండ్లు మీ గొడుగు కిందనే జరిగినాయి సారూ. జాబుతోపాటు పంపిస్తాండా.

ఇట్లు,
మీ బస్సు
ఖమర్‌బీ

తా.క. బట్ట రెండు తూర్లు, పుల్లలు ఒక తూరి మార్పించినారంట. కాడ మాత్రం మీ మామగారు పెట్టిందే. ఎలిజబెత్ అమ్మకు కాడ చూపించండి, ఇంక మాట్లాడుతాది.